తీసివేతలో పోయిన గెలాక్సీ

దీపాలు ఆర్పేశారు. ఇక నలభై నిమిషాలు మా సర్ మాట్లాడతాడు, ఆ తర్వాత పది నిమిషాలు ప్రశ్నలు, అప్పుడు నేను లేస్తాను, లేచి ఒకే ఒక్క ప్రశ్న అడుగుతాను, రెండు రోజులుగా బస్సులోనూ స్నానాలగదిలోనూ అడిగి అడిగి అరగదీసిన ప్రశ్న, సర్, మీరు తీసివేతకి వాడిన నక్షత్రం ఒంటరిదేనా అని. అంతే, ఇంకో ముక్క ఉండదు. గొంతు పెంచకూడదు, నవ్వు రానివ్వకూడదు, ఏమీ తెలియని మనిషిలా, వెనక బెంచీలో కూర్చునే పిల్లలా అడగాలి. ఆయన మాట మధ్యలో తడబడటం చూడాలి నాకు, ఆయన కింద పనిచేసిన తొమ్మిదేళ్లలో ఒక్కసారీ చూడలేదు. మొదటి రెండు వరుసల్లో పత్రికలవాళ్లున్నారు, వాళ్ల కెమెరాలున్నాయి, ఆ తడబాటు వాళ్ల దగ్గర ఎప్పటికీ ఉండిపోతుంది. కోపం మండుతుందనే అంటారు అందరూ, ఇంత చల్లగా కూడా ఉంటుందని ఎవరూ చెప్పలేదు. పక్కన కెమెరా అక్క మోచేత్తో పొడిచింది. నాకు రక్తసంబంధం ఏమీ కాదు, టెలిస్కోపు కెమెరాల్ని ముప్పై ఏళ్లుగా కనిపెట్టుకుని ఉన్న మనిషి, వచ్చే ఏడు రిటైరవుతుంది, ఇక్కడ అందరికీ అక్కే. "కాలు ఊపకే, కుర్చీల వరసంతా వణుకుతోంది," అంది. ఆపాను. "ఆయన చొక్కా చూశావా, ఆ ఇస్త్రీ మడత మీద కూరగాయలు కోయొచ్చు," అంది మళ్లీ. నవ్వాను, నవ్వు సరిగ్గా రాలేదు, చీకట్లో అక్కకి తెలిసినట్టు లేదు.

తెర మీద మొదటి బొమ్మ, నల్లటి చీకట్లో ఎర్రచుక్క. దాని అసలు పేరు అంకెలూ అక్షరాలూ కలిసి ఫోన్ నంబరు కంటే పొడుగుంటుంది, మేం ఎర్రచుక్క అంటాం, ఆ పేరు పెట్టింది నేను, ఇప్పుడు ఆయన నోట్లో అది ఆయన పెట్టిన పేరైపోయింది. పన్నెండు వందల తొంభై కోట్ల ఏళ్ల కిందట బయల్దేరిన వెలుగు అంటున్నాడు, విశ్వం ఇంకా పసిపిల్లగా ఉన్నప్పటి వెలుగు, దాని నడుమ ఒక కృష్ణబిలం, నూటయాభై కోట్ల సూర్యుళ్లని ఒక్కచోట కుక్కినంత బరువు. అది చుట్టూ ఉన్న వాయువుని మింగుతుంది, మింగేముందు ఆ వాయువు కాగి కాగి వెలుగుతుంది, ఆ వెలుగే మనకి కనిపించేది. మామూలుగా ఏ గెలాక్సీలోనైనా నడుమనుండే కృష్ణబిలం ఆ గెలాక్సీ బరువులో వెయ్యో వంతు, మహా అయితే వెయ్యింట నాలుగైదు. ఇక్కడ మాత్రం, అని ఆగాడు, ఎక్కడ ఆగాలో రాసుకుని మరీ ఆగుతాడు, ఇక్కడ మాత్రం సగం. గెలాక్సీ ఎంతో అందులో సగం కృష్ణబిలమే. తాను దూర కంత లేదు మెడకో డోలు అన్నట్టుంది ఈ గెలాక్సీ సంసారం, అన్నాడు. పత్రికలవాళ్లు నవ్వారు, రాసుకున్నారు. ఆ సామెత కూడా నాదే, పోయిన ఏడాది టీ తాగుతూ నేనన్నది. గెలాక్సీ పుట్టాక దాని కడుపులో కృష్ణబిలం మెల్లగా పెరుగుతుందని ఇన్నాళ్లూ చదువుకున్నాం, కాదు, కృష్ణబిలమే ముందు పుట్టింది, గెలాక్సీని తర్వాత తన చుట్టూ పోగేసుకుంది అంటున్నాడు. ఇలాంటివి ఈ మధ్య చాలామంది చూస్తున్నారు, వాటిలో కొన్ని నిజమే అయ్యుంటాయి, కొన్నింటికి చుట్టూ గెలాక్సీ ఉందో లేదో కూడా తెలియట్లేదు, నిజంగానే పాఠాలు మళ్లీ రాయాల్సి రావచ్చు. కానీ ఇది వాటిలోది కాదు. ఎర్రచుక్కకి ఇల్లుంది, చక్కటి ఇల్లే ఉంది. ఈ గదిలో రెండొందల మంది ఉన్నారు, ఆ సంగతి నాకొక్కదానికే తెలుసు.

నా ఉద్యోగం తాత్కాలికం. తొమ్మిదేళ్లుగా తాత్కాలికం, ఏడాదికోసారి ఆయన సంతకం పెడితే ఇంకో ఏడు తాత్కాలికం. ఈ ఏటి కాగితం ఆయన బల్ల మీద నీలం ఫైల్లో ఉంది, సంతకం ఇంకా పడలేదు, నిన్న చూశాను. ప్రశ్న అడిగితే అది ఇక పడదు. పడకపోతే పోనీ, అని ధైర్యంగా అనుకుంటున్నాను, అనుకున్నప్పుడల్లా ఇంటి అద్దె, పిల్లాడి స్కూలు, ఆయనకి, అంటే మా ఆయనకి, ఇంకా ఈ సంగతి చెప్పకపోవడం, అన్నీ వరసగా వచ్చి నిలబడుతున్నాయి. నిలబడనీ. తొమ్మిదేళ్లు కుక్కిన పేనులా పడి ఉన్నాను, ఒక్క పది నిమిషాలు లేచి నిలబడితే ఏం పోతుంది, అన్నీ పోతాయి, పోనీ.

తీసివేత గురించి ఆయన పద్నాలుగో బొమ్మలో చెబుతాడు, ఒక్క వాక్యంలో దాటేస్తాడు, నా నాలుగేళ్ల పని ఆ ఒక్క వాక్యం. ఎదురుగా వస్తున్న లారీ హెడ్‌లైటు కళ్లలో పడుతుండగా ఆ లారీ ఏ రంగుదో చెప్పమంటే ఎలా ఉంటుంది, ఎర్రచుక్క చుట్టూ గెలాక్సీని చూడటం అలా ఉంటుంది. వెలుగంతా నడుమనున్న ఆ చుక్కదే. టెలిస్కోపు అద్దాలు ఆ వెలుగుని ఆరు కొమ్ములుగా, మసకమసగ్గా చుట్టూ పూసేస్తాయి, ఆ పూత కింద గెలాక్సీ పడి ఉంటుంది. అందుకని అదే బొమ్మలో ఒక ఒంటరి నక్షత్రాన్ని వెతుకుతాం. నక్షత్రం ఒట్టి చుక్క, దాని చుట్టూ ఏమీ ఉండదు, కాబట్టి దాని చుట్టూ కనిపించే పూతంతా టెలిస్కోపుదే. ఆ పూతని అచ్చు తీసి, ఎర్రచుక్క మీద పెట్టి, తీసేస్తాం. మిగిలింది గెలాక్సీ. వినడానికి రెండో తరగతి లెక్క. అచ్చు వెంట్రుకవాసి వెడల్పయినా గెలాక్సీని కూడా కలిపి తీసేస్తుంది. ఆ బొమ్మలో వాడదగ్గ నక్షత్రాలు నాలుగు. మొదటి మూడింటితో తీసేస్తే గెలాక్సీ కనిపించింది, గుండ్రంగా, నిండుగా, ఏ వింతా లేకుండా, లెక్కేస్తే కృష్ణబిలం అందులో వెయ్యింట మూడు వంతులు. ఆ బొమ్మ పట్టుకెళ్తే ఆయన చూసి "ఇంకోసారి చూడు" అన్నాడు. చూశాను, అదే వచ్చింది. "ఇంకోసారి చూడమ్మా" అన్నాడు, అమ్మా వచ్చి చేరింది. తప్పు చేయమని ఆయన ఎప్పుడూ చెప్పడు, దొంగలెక్క వేయమని అసలే చెప్పడు, ఇంకోసారి చూడమంటాడు, తనకి నచ్చింది వచ్చేదాకా చూడమంటాడు, వచ్చాక ఇక చూడక్కర్లేదంటాడు. ఆరోసారి నాలుగో నక్షత్రాన్ని ఒక్కదాన్నే పెట్టాను. దాని రంగు ఎర్రచుక్క రంగుకి దగ్గర, బొమ్మలో చోటు కూడా పక్కనే, కాబట్టి మిగతా మూడింటి కంటే ఇదే సరైన అచ్చు అని నాకు నేను చెప్పుకున్నాను, కారణం ఒకటి దొరికాక మనసుకి ఇంకేం కావాలి. గెలాక్సీ పోయింది. వేలిముద్రంత మిగిలింది. ఆయన కుర్చీలోంచి లేచి చప్పట్లు కొట్టాడు. గదిలో ఉన్నది మేమిద్దరమే, ఒక్క మనిషి చప్పట్లు గోడలకి తగిలి ఎంత మంది కొట్టినట్టుంటాయో ఆ రోజు తెలిసింది, ఆ రోజు బస్సెక్కబుద్ధి కాక ఇంటిదాకా నడిచే వెళ్లాను. ఆ చప్పట్ల కోసమే మిగతా మూడింటినీ పక్కన పెట్టానని ఇప్పుడు తెలుస్తోంది. అప్పుడు తెలియలేదా అంటే, అప్పుడూ తెలుసు.

పరిశోధన పేపరు మొదటి ప్రతిలో నా పేరు మొదటిది. రెండో ప్రతిలో నాలుగోది. పోయిన గురువారం సైన్సు పత్రికకి పంపిన ప్రతిలో పైన ఎక్కడా లేదు, ఆఖరి పేజీలో కృతజ్ఞతల్లో, కరెంటు పోకుండా చూసిన ఇంజినీర్ల తర్వాత, క్యాంటీను వాళ్లకి ముందు ఉంది. అడిగాను. "పేర్లు ఎక్కువైపోయాయమ్మా, బయటివాళ్లని తీస్తే నొచ్చుకుంటారు, నువ్వు ఇంట్లో మనిషివి కదా," అన్నాడు. ఇంట్లో మనిషి. ఇంట్లో మనిషికి ఆఖర్న పెడతారు, అదీ మిగిలితే. సరే సర్ అన్నాను. ఎందుకన్నానో తెలియదు, తొమ్మిదేళ్లు అలవాటైన నోరు, మెదడుకి చెప్పకుండానే అనేసింది. గుమ్మం దాటాక బయట నీళ్ల కూలరు దగ్గర నిలబడి ఒక గ్లాసు తాగాను, ఇంకో గ్లాసు తాగాను, కూలరు మీద అంటించిన చీటీ, దయచేసి నీరు వృథా చేయరాదు, దాన్ని చింపి పారేశాను. అంతే నా తిరుగుబాటు.

సోమవారం మధ్యాహ్నం మెయిల్లో ఉత్తరం వచ్చింది. నక్షత్రాల పట్టికలు చూసుకునే ఆవిడ రాసింది, వేరే సంస్థలో ఉంటుంది, ఎప్పుడూ చూసింది లేదు. పట్టికలు ఆవిడవి కాబట్టి మా పేపరు చిత్తుప్రతి ఆవిడకి వెళ్లింది. "మీరు వాడిన నాలుగో నక్షత్రం ఒంటరిది కాదండి. పాత బొమ్మల్లో ఒకటిగానే కనిపిస్తుంది, ఈ ఏడు తీసినవాటిలో రెండుగా విడిపోయింది. రెండోది మసగ్గా ఉంటుంది, బాగా ఎర్రటిది. ఎంపిక మీరు చేసినట్టు దస్త్రంలో ఉంది, అందుకని రాస్తున్నాను," అని. నిలబడే చదివాను. రంగు కలిసిందే ఆ రెండోది పక్కన ఉండబట్టి. రెండూ కలిసి అచ్చుని వెడల్పు చేశాయి, వెడల్పయిన అచ్చు గెలాక్సీని తుడుచుకుపోయింది. చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఉన్న ఇంటిని మా చేత్తో మేమే చెరిపేసి, ఇల్లు లేదొహో అని చాటింపు వేయబోతున్నాం. ఆయన గది నా గదికి పదిహేను అడుగులు. వెళ్లి చెప్పాలి, ఎవరైనా అదే చేస్తారు, పేపరు వెనక్కి తీసుకోవచ్చు, ఈ సభ ఆపొచ్చు. నేను కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ నిమిషం నాకు ఒళ్లంతా సంతోషం. తప్పు నాదని కూడా తోచలేదు, ఆయన పడతాడన్నదే తోచింది. నా పేరు తీసేశాడు కదా, పేరు లేని తప్పు ఎవరిది, పేరున్నవాళ్లది. దస్త్రంలో నా పేరున్నా ఆ దస్త్రం ఎవరు చూడొచ్చారు. ఆ ఉత్తరం ఎవరికీ చూపించలేదు, సాయంత్రం ఇంటికెళ్లి వంట చేస్తూ పాట కూడా పాడానట, మా ఆయన అన్నాడు, ఏంటి విశేషం అని.

ఆయన గొంతు హాలంతా నిండుతోంది. మైకు లేకపోయినా నిండే గొంతు. మా నాన్నదీ అదే గొంతు. నాన్న స్కూల్లో డ్రిల్లు మాస్టారు, ఇంట్లో కూడా ఈల మెడలోనే ఉండేది. ఆయన గుమ్మంలో అడుగు పెట్టగానే అమ్మ వంటింటి మూల కుట్టుమిషను ఆపేసేది, చప్పుడు ఆయనకి పడదు. తెల్లవారుజామున ఆయన లేవకముందు కుట్టేది, ఆయన బడికెళ్లాక కుట్టేది, ఆయన బడిలో పిల్లలందరి యూనిఫారాలూ మా ఇంట్లోంచే వెళ్లేవి, ఆ సంగతి ఆయన ఎక్కడా అనేవాడు కాదు. నాన్న పోయినప్పుడు వచ్చిన వాళ్లంతా ఒకే మాట, ఆ ఇంటికి ఆయనే అన్నీనమ్మా, అని. అమ్మ తల ఊపింది. నేనూ ఊపాను. ఈ ఉద్యోగం ఇంటర్వ్యూలో మీరు ఇంత దూరం ఎలా వచ్చారని అడిగితే మా నాన్నగారి క్రమశిక్షణ వల్ల అన్నాను, అన్నాక అమ్మ దారం కొరికే చప్పుడు గుర్తొచ్చింది, అయినా దిద్దుకోలేదు. చిన్నప్పుడు అమ్మ మీద కూడా కోపమే, అంత వెలిసిపోయినట్టు ఉంటుందేమిటని, ఒక్కసారైనా మిషను ఆపకుండా తొక్కదేమిటని. పెద్దయ్యాక ఒకసారి అడిగాను, ఆయన రాగానే ఎందుకాపేదానివి అని. "ఆపితే ఏమైందే, మళ్లీ తొక్కేదాన్నిగా," అంది. అమ్మ మీద ఆ కోపం ఇంకా పోలేదు. అది అమ్మ మీద కోపమేనా అని ఈ చీకట్లో కూర్చుని అడుక్కుంటున్నాను, తెలిసిన జవాబే.

తెర మీద ప్రతి బొమ్మలోనూ ఎడమవైపు ఒక ఆకుపచ్చ చుక్క, ప్రొజెక్టరులో లోపం, రెండేళ్ల నుంచీ ఉంది, ఎవరికీ పట్టదు. నాకు దాన్ని గోటితో గీకేయాలని ఉంటుంది. ఇప్పుడు ఆయన గాలి గురించి చెబుతున్నాడు, కృష్ణబిలం మింగేది కొంతే, మిగతాది విదిలించి కొడుతుంది, ఆ వేడిగాలికి గెలాక్సీలో వాయువంతా చెదిరి బయటికి పోతుంది, వాయువు లేకపోతే కొత్త నక్షత్రాలు పుట్టవు, గెలాక్సీ గొడ్డుపోతుంది. ఇది నిజమే, ఎర్రచుక్క సంగతి ఎలా ఉన్నా ఇది చాలాచోట్ల చూసినదే. చెబుతూ ఆయన చెయ్యి తిప్పాడు, విదిలించినట్టు, ఆ చెయ్యి నాకు తెలుసు, ఎవరైనా సెలవు అడిగితే అదే విదిలింపు. ఈయన దగ్గర పని చేసి ఎంతమంది వెళ్లిపోయారో లెక్కేస్తున్నాను, ఏడుగురు, ఒకామె ఇప్పుడు బ్యాంకులో పని చేస్తోంది, ఒకతను టైల్సు దుకాణం పెట్టాడు, ఇద్దరు ఏమయ్యారో తెలియదు. వెళ్లకుండా ఉన్నది నేను. నన్ను చూస్తే నాకు అసహ్యం వేస్తోంది, పక్కన గురక పెట్టబోతున్న అక్క మీద కోపం వస్తోంది, ముందు వరసలో ప్రతి మాటకీ తల ఊపుతున్న బట్టతల మీద కోపం వస్తోంది, ఎర్రచుక్క మీద కూడా వస్తోంది, అంత దూరం నుంచి ఎవరు రమ్మన్నారు దాని వెలుగుని. పదకొండో బొమ్మ. పన్నెండు. చేతులు తుడుచుకున్నాను.

పద్నాలుగో బొమ్మ వచ్చింది, ఒక్క వాక్యంలో దాటెయ్యలేదు. తెర మీద నాలుగో నక్షత్రం, ఆరు కొమ్ములు, పక్కన తీసివేతకి ముందు, తీసివేత తర్వాత. కింద పెద్ద అక్షరాల్లో, నక్షత్రం ఎంపిక, తీసివేత: నా పేరు. ఇంటిపేరుతో సహా, తప్పు లేకుండా. "ఈ పని అంతా ఒక్క చేతి మీద జరిగింది," అంటున్నాడు ఆయన, "ఏ నక్షత్రం వాడాలి, ఎలా తీసెయ్యాలి, ఆ నిర్ణయాలన్నీ ఆవిడవే. నేను వేలు పెట్టలేదు. ఆవిడ లేకపోతే ఈ ఫలితమే లేదు." తలలు తిరిగాయి. అక్కకి నిద్ర వదిలింది. "నీ పేరేనే," అని నా తొడ మీద చరిచింది, "ఇన్నాళ్లకి." నాకు కళ్లలో నీళ్లొచ్చాయి. ఎంత నీచపు కళ్లు, రెండు రోజులు పదును పెట్టుకున్న కత్తిని ఒక్క పేరు చూసి కింద పడేసిన కళ్లు. ఆయన కూడా మనిషేనేమో, గురువారం నుంచి కుమిలిపోయాడేమో, పేపర్లో చేయలేనిది ఇక్కడ ఇంతమంది ముందు చేస్తున్నాడేమో. నేనేం చేశాను, ఆయన పడితే చూద్దామని దాచాను. ఒద్దు, అడగను. సభ అయ్యాక వరండాలో పక్కకి పిలిచి చెబుతాను, సర్, ఒక పొరపాటు జరిగింది, నాదే, ఇద్దరం కలిసి దిద్దుదాం. ఆ ఇద్దరం అన్న మాట ఎంత తియ్యగా ఉందో. తొమ్మిదేళ్లలో ఇంత తేలికగా ఊపిరి పీల్చుకున్న నిమిషం ఇంకోటి గుర్తు రాలేదు.

ఎలా చెప్పాలో చూసుకుందామని ఉత్తరం మళ్లీ తెరిచాను, ఫోను వెలుగు ఎవరికీ కనబడకుండా ఒడిలో పెట్టుకుని. సోమవారం పై నాలుగు వాక్యాలే చదివాను, సంతోషంలో కిందికి జరపనే లేదు. ఇప్పుడు బొటనవేలు దానంతటదే జరిపింది. కింద ఇంకో ఉత్తరం ఉంది, ఆవిడే రాసింది, అంతకు ముందు సోమవారం, ఆయనకి. అదే సంగతి, నాలుగో నక్షత్రం ఒంటరిది కాదండి, పేపరు పంపేముందు ఒకసారి చూసుకోండి. దాని కింద ఆయన జవాబు, అదే రోజు సాయంత్రం. "ధన్యవాదాలండీ. ఆ విషయం మా వాళ్లు చూసుకుంటారు. ప్రస్తుతానికి ఇంకెవరితోనూ అనకండి." మళ్లీ చదివాను. సోమవారం జవాబిచ్చాడు. గురువారం నా పేరు తీసేసి పేపరు పంపాడు. ఇవాళ బుధవారం, తొమ్మిది రోజులు, ఈ తొమ్మిది రోజుల్లో ఎప్పుడో కూర్చుని పద్నాలుగో బొమ్మలో నా పేరు టైపు చేశాడు, ఇంటిపేరు సరిచూసుకుని. ఎవరూ కనిపెట్టకపోతే పేపరు మీద పేరు వాడిది. కనిపెడితే తెర మీద పేరు నాది. నేను వేలు పెట్టలేదు అన్నాడు, ఇంతమంది విన్నారు, కెమెరాలు విన్నాయి. వాడు, అని పైకే అన్నానేమో, అక్క నా వైపు చూసింది. తొమ్మిదేళ్లూ మనసులో కూడా ఆయన అనే అనుకున్నాను, ఎంత తిట్టుకున్నా ఆయన అనే తిట్టుకున్నాను. కళ్లలో నీళ్లు ఇంకా ఆరలేదు, వాటిని కొంగుతో గట్టిగా రుద్దేశాను, చర్మం మండింది.

దీపాలు వెలిగాయి, చప్పట్లు, వాడు వంగి దండం పెట్టాడు. ఇప్పుడేం చెయ్యాలి, నా ప్రశ్న ఇక పనికిరాదు, నక్షత్రం ఒంటరిదేనా అని నేనే లేచి అడిగితే, ఎంపిక మీదే కదమ్మా అంటాడు, అందరూ నవ్వుతారు. ఊరుకుంటే, నీలం ఫైల్లో సంతకం పడుతుంది, ఏడాదికో రెండేళ్లకో వేరెవరో కనిపెడతారు, అప్పుడు వాడు విచారంగా తల ఊపుతాడు, మంచి అమ్మాయే, ఏం చేస్తాం, ఎక్కడో పొరబడింది అంటాడు. వాడి గొంతు, ఆ తల ఊపడం, అన్నీ ముందే వినిపిస్తున్నాయి. నేను ఇంకా తేల్చుకోనేలేదు, రెండో వరసలోంచి నెరిసిన జుట్టున్న ఒకామె లేచింది, వేరే టెలిస్కోపు మనిషి, పేరున్న మనిషే. "అభినందనలు. ఒక చిన్న సందేహం," అంది. "తీసివేతకి ఒక్క నక్షత్రాన్నే వాడారేం? అది ఒంటరిదేనని చూసుకున్నారా?" అడగాల్సిన మాటలు నావి, ఆవిడ నోట్లోంచి వచ్చాయి, ఎంత మామూలుగా వచ్చాయో. వాడు తడబడలేదు, రెప్ప కూడా వెయ్యలేదు. "చాలా మంచి ప్రశ్న," అన్నాడు. "ఆ పని మొత్తం మా సహోద్యోగిదని చెప్పాను కదా. ఆవిడ ఇక్కడే ఉన్నారు, ఆవిడే చెబుతారు." అరచెయ్యి నా వైపు చాపాడు, వాడి మొహంలో చిన్న చిరునవ్వు, ఇంట్లో మనిషి వైపు నవ్వే నవ్వు.

మైకు పట్టుకున్నావిడ మా వరసలోకి వస్తోంది, మోకాళ్లు దాటుకుంటూ, క్షమించండి, క్షమించండి అనుకుంటూ. "చెప్పవే, భయమెందుకు, నీ పనేగా," అంటోంది అక్క. చూసుకున్నాం అంటే చాలు, ఒక్క మాట. ఆ ఒక్క మాటతో పేపరు నిలుస్తుంది, ఉద్యోగం నిలుస్తుంది, అందరూ బయటికెళ్లి బిస్కెట్లు తింటారు. వాడికి ఆ ధీమా ఉంది, నేను ఆ మాటే అంటానని, తొమ్మిదేళ్ల సరే సర్‌లు విన్న చెవులు కదా. మైకు నా చేతికొచ్చింది, వేరేవాళ్ల చేతి వెచ్చదనం ఇంకా దాని మీద ఉంది. లేచాను, కుర్చీ టప్పున మడుచుకుంది. వాణ్ణి తప్పుపట్టాలంటే ముందు నన్ను నేను తప్పుపట్టుకోవాలి, దాన్ని దాటి వెళ్లే దారి లేదు, ఎంత వెతికినా లేదు.

"ఒంటరిది కాదండి," అన్నాను. "జంట. ఆ నక్షత్రాన్ని ఎంచింది నేనే. అంతకుముందు వేరే మూడింటితో చేసినప్పుడు గెలాక్సీ ఉంది, మామూలుగా, నిండుగా ఉంది, కృష్ణబిలం అందులో వెయ్యింట మూడు వంతులే. సర్ ఇంకోసారి చూడమన్నారు, నేను ఆయనకి నచ్చేది వచ్చేదాకా చూశాను. ఆ తప్పు నాది." ముందు వరసలో ఎవరో వెనక్కి తిరిగి ఫోను ఎత్తారు. అక్క నా చీర కొంగు పట్టుకుని లాగుతోంది, కూర్చోవే అన్నట్టు, నేను విడిపించుకున్నాను. "అది జంట అని నాకు సోమవారం తెలిసింది. అప్పుడే చెప్పాల్సింది. నా పేరు తీసేశారన్న కసితో, సర్, మీరు ఇంతమంది ముందు పడిపోతే చూడాలని రెండు రోజులు దాచాను. మీకు తొమ్మిది రోజుల కిందట తెలిసింది. పేపరు పంపడానికి మూడు రోజుల ముందు. మీరెందుకు దాచారో మీరు చెప్పండి సర్."

వాడు మంచినీళ్ల గ్లాసు అందుకున్నాడు. మైకావిడ ఇక చాలన్నట్టు నా వైపు చెయ్యి చాపింది. నేను మైకు ఇవ్వలేదు, కూర్చోనూ లేదు.